అక్క కారులోని చల్లదనం

మా అమ్మాయి ఆ మాట చాలా మెల్లగా చెప్పింది. నా మనసు నొచ్చుకుంటుందని ముందే ఆలోచించుకుని, మాటలు ఏరుకుని చెప్పినట్టు చెప్పింది.

"అమ్మా, ఈ వారం నువ్వు రావద్దు. పెద్దమ్మ బండిలోనే వస్తాను."

ఫోనులో ఆ వెనక నుంచి గిన్నెల చప్పుడూ, మా అక్క ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్న చప్పుడూ వినిపించాయి. సరేనన్నాను. ఫోను పెట్టేశాక వంటింట్లో పనేమీ లేకపోయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

మేము ఉండేది తమిళనాడులో కోవిల్‌పట్టి. ఊళ్ళో చాలామందిలాగే నేనూ 'తీప్పెట్టి ఆపీసు'లో పని చేస్తాను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని మా వైపు అలాగే అంటారు. సరుకు కట్టలు లారీలకెక్కించి పంపించే పని నాది. మా ఆయనకి నూలు మిల్లులో షిఫ్టు ఉద్యోగం. అక్కది విరుదునగర్. బావకి అక్కడ పప్పుల మండీ ఉంది. వాళ్ళకి పిల్లలు లేరు. మా అమ్మాయి ప్లస్ టూ ముగించి, డాక్టరు చదువు ప్రవేశ పరీక్షకి విరుదునగర్‌లో శిక్షణకి చేరినప్పుడు, హాస్టలెందుకు, నా ఇంట్లో ఉంటుందిలే అని అక్కే అంది. అప్పుడు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. పరాయి ఊళ్ళో పిల్లకి సొంత మనిషి ఉంది కదా అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళి తీసుకురావడం, సోమవారం పొద్దున్నే మళ్ళీ దింపి పనికి వచ్చేయడం మా ఏర్పాటు. మాదొక పాత కారు. తెలిసినవాళ్ళ దగ్గర కొన్నది. మా ఆయనకి నడపడం రాదు. నేనే నేర్చుకున్నాను. మా రెండు వైపుల బంధువుల్లోనూ కారు నడిపే మొదటి ఆడదాన్ని నేనే. నాలుగు వరసల రోడ్డు మీద సాత్తూరు దాటి విరుదునగర్ దాకా ఒక్కదాన్నే వెళ్ళి, అక్క ఇంటి ముందు కారాపి హారను కొడితే, పిల్ల సంచీ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చేది. ఆ క్షణం కోసం వారమంతా ఎదురు చూసేదాన్ని. వానాకాలంలో, చలికాలంలో మాకు ఏ ఇబ్బందీ లేదు. ఎండలు మొదలయ్యాకే వచ్చింది.

మా వైపు ఎండ తెలియనివాళ్ళకి చెప్పడం కష్టం. చుట్టూ నల్లరేగడి నేల. చెట్టు తక్కువ, సీమతుమ్మ ఎక్కువ. మధ్యాహ్నం తారు రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు మెరుస్తుంది. కారు తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టే. మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఒంటి తలనొప్పి, అదే మైగ్రేన్, ఉంది. ఎండ తగిలిందంటే కుడి కణత పట్టుకుని కూర్చుంటుంది, కళ్ళు తెరవలేదు. మా కారులో ఏసీ మీట నొక్కితే గాలి వచ్చేది, కానీ అది కూడా బయటి గాలే. దానికి తోడు పాత గోనెసంచి వాసన ఒకటి. పిల్ల ఏమీ అనేది కాదు. తువ్వాలు తడిపి నెత్తిమీద వేసుకుని, తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకునేది. అరిచి గోల చేసినా బాగుండేది. ఆ ఓర్పే నన్ను తినేసేది.

అక్క వాళ్ళ కారు కొత్తది, పెద్దది. అక్కకి నడపడం రాదు. మండీ డ్రైవరు ఉన్నాడు. ఆ శనివారం మొదటిసారి అక్క పిల్లని తన కారులో తీసుకొచ్చింది. నేను వాకిట్లో ఎదురు చూస్తున్నాను. తలుపు తెరుచుకోగానే లోపలి చల్లగాలి నా కాళ్ళకి తగిలింది. పిల్ల దిగింది. ముఖం అప్పుడే కడుక్కున్నట్టుంది. జడలో మల్లెపూలు ఉన్నాయి. పొద్దున ఎప్పుడో అక్క కట్టి పెట్టినవి, ఒక్క రేక కూడా వాడలేదు. నా కారులో వచ్చిన రోజుల్లో సాత్తూరు చేరేలోపే పూలు ఉడికిపోయి ముదురు రంగుకి తిరిగేవి.

అక్క లోపలికి వెళ్ళాక, సంచీ దించే వంకతో నేను కారులోకి వంగి సీటు మీద చెయ్యి పెట్టి చూశాను. నీళ్ళ తొట్టి అడుగున చెయ్యి పెట్టినట్టు చల్లగా ఉంది. ఎప్పుడూ అక్క నగలు చూసి గానీ, అక్క ఇల్లు చూసి గానీ నాకేమీ అనిపించలేదు. ఆ సీటు చల్లదనం మాత్రం నా అరచేతిలో నుంచి సరాసరి కడుపులోకి దిగింది.

ఆ తర్వాత రెండు మూడు వారాలు అక్కే తెచ్చి దింపింది. పిల్ల మాటల్లో ప్రతి దానికీ పెద్దమ్మ వచ్చేది. పెద్దమ్మ పులుసు ఇలా పెడుతుంది, పెద్దమ్మ జడ బిగించి అల్లదు, పెద్దమ్మ బండిలో పడుకుని చదువుకోవచ్చు. మా ఆయన ఇవన్నీ విని నవ్వేవాడు. పిల్ల సుఖంగా వస్తోంది, నీకేం కష్టమని అడిగాడు. ఆయనకి ఏం చెప్పను? కారు బాగు చేయించాలి అని మాత్రం అన్నాను.

మెయిన్ రోడ్డు మీద ఉన్న వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్ డ్యాష్‌బోర్డులో సామాను పెట్టే అర ఊడదీసి, దాని వెనక నుంచి గాలి వడకట్టే ఫిల్టరు బయటికి లాగాడు. అది నల్లమట్టితో, ఎండుటాకులతో, ఏదో పక్షి ఈకలతో అట్టకట్టి ఉంది. కొత్తది పెడితే సరిపోతుందన్నాడు. పెట్టాక గాలి జోరుగా వచ్చింది, వాసన పోయింది, చల్లదనం మాత్రం రాలేదు. అయితే గ్యాసు అయిపోయి ఉంటుందన్నాడు. గ్యాసు ఎక్కడికి పోయిందని అడిగితే, పాత బండి కదమ్మా, అలాగే తగ్గిపోతుందన్నాడు. నేను నమ్మాను. గ్యాసు నింపాడు. రంధ్రాల దగ్గర చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగాలి వచ్చింది. ఇంటికి వస్తూ దారిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ రోజే అక్కకి ఫోను చేసి, ఇంక నువ్వు డ్రైవర్ని పంపే పని లేదు, నేనే వస్తానని చెప్పాను. మంచిదే కదా అంది అక్క. ఆ మాటలో కొంచెం ఆలస్యం ఉందని అప్పుడు నేను గమనించలేదు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. కత్తిరి ఎండలు, అంటే మా వైపు వేసవిలో అన్నిటికన్నా గట్టి రోజులు, అప్పుడే మొదలయ్యాయి. ఆ శనివారం విరుదునగర్ నుంచి బయలుదేరినప్పుడు ఏసీ కొంచెం నీరసంగా ఉంది. అయినా పరవాలేదనిపించింది. టోల్ గేటు దగ్గర లారీల వెనక ఆగాం. ఆగగానే గాలి వెచ్చబడింది. వరస కదలడం లేదు. గాలి వెచ్చన నుంచి వేడికి తిరిగింది. పిల్ల కుడిచెయ్యి కణత మీదికి పోవడం చూశాను. గేటు దాటి వేగం అందుకున్నాక మళ్ళీ కాస్త చల్లబడింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సాత్తూరు దగ్గర వైప్పారు వంతెన రాకముందే, అమ్మా ఆపు, అంది. రోడ్డు పక్కకి తీసి ఆపాను. తలుపు తీసి వంగి వాంతి చేసుకుంది. నీళ్ళిచ్చాను, ముఖం తుడిచాను, ఒక టీ కొట్టు తాటాకు పందిరి కింద బెంచీ మీద కూర్చోబెట్టాను. కళ్ళు తెరవలేకపోతోంది. దగ్గర్లో డాక్టరు ఎక్కడున్నాడో కనుక్కుందామని కొట్టువాణ్ణి అడగడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది.

"పెద్దమ్మా, తల పగిలిపోతాంది. వస్తావా?" అంటోంది.

నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. నా చీర కొంగు దాని ముఖం తుడిచి తడిసి ఉంది. అది పిలిచింది మాత్రం అక్కని.

అక్క వచ్చేసింది. ఎంత తొందరగా వచ్చిందో నాకు గుర్తు లేదు. ఇంట్లో కట్టుకున్న నలిగిన చీరతోనే వచ్చింది. పిల్లని పట్టుకుని తన కారులో వెనక సీట్లో పడుకోబెట్టింది. విరుదునగర్‌లో తమకి తెలిసిన డాక్టరు ఉన్నాడు, వెనక్కే తీసుకుపోతానంది. నన్ను కూడా ఎక్కమంది. నా బండి ఇక్కడ ఎవరు చూస్తారని అన్నాను. నిజానికి ఆ చల్లని కారులో నేను కూర్చోలేను. వాళ్ళ కారు ముందు వెళ్తుంటే, కిటికీలు నాలుగూ దించుకుని, వడగాడ్పు ముఖాన కొడుతుంటే దాని వెనకే నడిపాను. వాళ్ళ కారు వెనక అద్దం నల్లగా ఉంటుంది, లోపల ఎవరూ కనబడరు. అక్క ఒళ్ళో పిల్ల తల ఉందా, అక్క చెయ్యి దాని నుదుటి మీద ఉందా అని మాత్రమే ఆలోచిస్తూ దారంతా నడిపాను. పిల్లకి తగ్గాలని దేవుణ్ణి వేడుకోవాల్సిన సమయం అది. నేను వేడుకోలేదు. నన్నెందుకు పిలవలేదని అడుగుతూ ఉన్నాను.

డాక్టరు సూది వేశాక, సాయంత్రానికి పిల్ల లేచి కూర్చుంది. రెండు ఇడ్లీలు తింది. నేను ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను.

ఇక ఆ కారుని వదల్లేదు. పని అయ్యాక రోజూ దానితోనే నా పోరు. తాలూకా ఆఫీసు వైపు, రైలు గేటు వైపు ఊరికే తిప్పి గమనించేదాన్ని. పరుగులో ఉన్నప్పుడు కాస్త చల్లగా ఉంటోంది, ఆగితే వేడెక్కుతోంది. అంటే కారు కదిలేటప్పుడు ముందు నుంచి కొట్టే గాలి ఏదో పని చేస్తోంది, ఆగినప్పుడు ఆ పని జరగడం లేదు. అదీ కాక, నింపిన గ్యాసు రోజురోజుకీ తగ్గుతోంది. ఈసారి బైపాసు రోడ్డులో ఇంకొక వర్క్‌షాపుకి వెళ్ళి ఈ రెండూ చెప్పాను. అక్కడి మనిషి నేను చెప్పింది విని బానెట్ ఎత్తి, ఇంజను ఆన్ చేసి ఏసీ వేసి చూపించాడు. ముందు జాలీ వెనక తిరగాల్సిన ఫ్యాను తిరగడం లేదు. వేడి బయటికి పోయే దారి లేదు. పైపుల అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి చూస్తే ఒక చోట బుడగలు వచ్చాయి. అక్కడి రబ్బరు వాషరు ఎండిపోయి చిట్లింది. ఫ్యాను మోటారు మదురై నుంచి రావాలన్నాడు. వచ్చిన మొదటి మోటారు మా కారుకి సరిపోలేదు. రెండోది బిగించాక కూడా ఒకసారి ఫ్యూజు పోయింది. ఎన్నిసార్లు తిరిగానో. మా ఆయన ఒకరోజు, పిల్ల పరీక్ష కన్నా నీకు ఈ ఏసీయే పెద్దదైపోయిందే, అన్నాడు. అవునన్నాను.

చివరికి బాగైంది. మిట్ట మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కదాన్నే కారెక్కి పరీక్ష పెట్టుకున్నాను. ఎండలో నిలిపిన కారుని ఎలా వాడాలో కూడా అప్పటికి పట్టుబడింది. ఎక్కగానే తలుపులు మూసి ఏసీ వేయకూడదు. కిటికీలు దించి కాసేపు నడిపి, లోపలి ఉడుకుని బయటికి తోలాలి. తర్వాత అద్దాలు ఎక్కించి, బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పే మీట నొక్కాలి. నిలిపేటప్పుడు ముందు అద్దానికి అడ్డం పెట్టడానికి అట్టపెట్టె ఒకటి కోసి పెట్టుకున్నాను. రైలు గేటు పడి ఉంది. గేటు దగ్గర ఆగి, గూడ్సు బండి పోయినంత సేపూ చెయ్యి గాలి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. గాలి చల్లగానే ఉంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కకి అప్పుడే ఫోను చేయాలనిపించింది. చేయలేదు. శనివారం కళ్ళతోనే చూడనీ అనుకున్నాను.

ఆ ఆదివారం కోవిల్‌పట్టిలో మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం ఉంది. బావ కారు తీసుకుని పప్పుల కొనుగోలుకి వెళ్ళాడు కాబట్టి అక్క కూడా శనివారం నాతోనే రావాలి. ఇంతకన్నా మంచి అవకాశం ఏముంది? వాళ్ళింటికి చేరేసరికి కారు లోపల కుండలో నీళ్ళలా చల్లగా ఉండేట్టు చూసుకున్నాను. ముందు తలుపు తీసి, పిల్ల నా పక్కన కూర్చుంటుందని చూశాను. అక్క వెనక తలుపు తీసింది. పిల్ల రాత్రంతా చదివి నిద్రలేదు, వెనక పడుకోనీ, నేనూ దానితోనే కూర్చుంటానంది. పిల్ల ఎక్కగానే, అబ్బా, అమ్మా, ఎంత సల్లగా ఉందే, అని నా భుజం మీద తట్టింది. తట్టి, వెనక్కి వాలి, అక్క ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

పైనున్న అద్దంలో నాకు అంతా కనబడుతోంది. ఊరు దాటేలోపే పిల్ల నిద్రపోయింది. నా కారు చల్లగా ఉండబట్టే అంత హాయిగా నిద్రపోయింది. అక్క తన చీర కొంగు తీసి దాని భుజాల మీద కప్పింది. చలేస్తుందని. ఆ చలి నేను సంపాదించింది. దుమ్ములో, నూనె మరకల్లో నిలబడి సంపాదించింది. దాన్ని కప్పడానికి కొంగు మాత్రం అక్కది.

కొంతదూరం పోయాక నా చెయ్యి వెళ్ళి ఏసీ మీట ఆపేసింది. ఇంజను వేడెక్కుతోంది, కాసేపు ఆపుదామన్నాను. ఇంజను వేడెక్కలేదు. అక్క అద్దంలో నా కళ్ళలోకి చూసింది. కాసేపటికి పిల్ల చెమట పట్టి లేచింది. సాత్తూరు వచ్చింది. పచ్చిగా తినే లేత దోసకాయలు కొనుక్కొస్తానని పిల్ల దిగింది. సాత్తూరు దోసకాయలంటే దానికి ప్రాణం. అది దిగి బండ్ల వైపు వెళ్ళాక కారులో మేమిద్దరమే మిగిలాం.

"ఇంజనుకి ఏమీ కాలేదు కదా," అంది అక్క.

నేను స్టీరింగు మీది దుమ్ము కొంగుతో తుడిచాను.

"నాకు తెలుస్తాది," అంది. "నువ్వు సెప్పొద్దు. నేను సెప్తాను, విను. శనివారం వచ్చిందంటే అది పొద్దున నుంచి గడియారం సూస్తానే ఉంటాది. నేను ఆసగా దోస పోస్తే, తింటానే, అమ్మ ఎప్పుడు వస్తాదని అడుగుతాది. నీ హారను ఇంటే సాలు, సేతిలో ముద్ద అట్లనే పెట్టి లేస్తాది. నాకు పోయొస్తానని సెప్పేది కూడా వాకిలి దాటినాకనే. నువ్వు నీ బండి నువ్వే తోలుకొని వచ్చి, నీ పిల్లని నువ్వు తోడుకొని పోతావు. నేను తలుపు మూసుకొని లోపల వస్తాను. నీ బండి సెడిపోయింది కదా, అప్పుడు నేను ఎంత సంతోసపడినానో నీకు తెలుసునా? అది బాగు కావద్దని అనుకుంటిని."

ఆ మాటలు అంటున్నప్పుడు అక్క గొంతు పెరగలేదు, తగ్గలేదు. బయట దోసకాయలు ఏరుకుంటున్న పిల్లనే చూస్తూ చెప్పింది.

ఆ మాటలు విని నాకు అక్క మీద జాలి కలిగి ఉండాలి. కలిగింది కూడా. కానీ అంతకు ముందే ఇంకొకటి కలిగింది, చెప్పక తప్పదు. ఒక్కసారిగా ఒళ్ళంతా చల్లబడినట్టయింది. గడియారం చూస్తుందట. ముద్ద వదిలేసి లేస్తుందట. అక్క కూడా నన్ను చూసి అంత రగిలిపోయిందట. అది నాకు ఎంత తియ్యగా ఉందో!

"ఆ రోజు ఈడ వాంతి వచ్చినప్పుడు అది నిన్నే కదా పిలిచింది," అన్నాను.

"నీ బండిలో ఉడుకు, నా బండిలో సల్లన. అందుకే పిలిచింది. డాక్టరు సూది వేసేటప్పుడు ఎవర్ని పిలిచిందో నువ్వు ఇంటివా? నువ్వు బండి నిలపను పోయినావు," అంది అక్క.

నేను విననే లేదు. కారు నీడన పెట్టడానికి డాక్టరు ఉన్న సందు చివరి దాకా పోయాను ఆ రోజు. ఎవర్ని పిలిచిందని అడగలేదు. అక్క చెప్పలేదు. పిల్ల చున్నీలో దోసకాయలతో వచ్చి ఎక్కింది. ఉప్పుకారం అద్దినవి చెరొకటి చేతిలో పెట్టింది. ఏసీ వేశాను. కోవిల్‌పట్టి దాకా ముగ్గురం దోసకాయలు నములుతూ పోయాం.

అలా అని మా మధ్య అంతా తేటపడిపోయిందని చెప్పను. ఆ తర్వాత కూడా పిల్ల కొత్త చుడీదార్ వేసుకుని దిగితే, అది ఎవరు కొన్నారని నా కళ్ళు మొదట వెతికేవి. నేను మిక్చరు చేసి పంపితే, డబ్బా అలాగే మూత తీయకుండా తిరిగి వచ్చిన వారాలు ఉన్నాయి. అక్క పెట్టలేదో, పిల్ల తినలేదో అడగలేదు. కానీ ఏ వారం ఎవరు తీసుకురావాలన్న పేచీ మాత్రం పోయింది. ఒక వారం నేను, ఒక వారం అక్క. పిల్ల పరీక్ష రాసింది. డాక్టరు చదువుకి మార్కులు చాలలేదు. ఫిజియోథెరపీలో సీటు దొరికింది, మదురైలో. హాస్టల్లో చేరింది.

చేరిన తర్వాత మొదటి సెలవుకి దాన్ని తీసుకురావడానికి నేనూ అక్కా కలిసి నా కారులోనే వెళ్ళాం. అక్క ముందు నా పక్కన కూర్చుంది. వెళ్ళేటప్పుడు దారిలో ఇద్దరం ఎవరికి వాళ్ళం ఒక లెక్క వేసుకునే ఉంటాం. వచ్చేటప్పుడు పిల్ల ఎవరి పక్కన కూర్చుంటుందని. హాస్టలు గేటు దగ్గర పిల్ల ఇంకో అమ్మాయితో కలిసి వచ్చింది. గదిలో తోటిపిల్లట, సొంతూరు అరుప్పుకోట్టై అట, దారిలోనే కదా, విరుదునగర్‌లో దింపితే బస్సు పట్టుకుంటుందట. ఇద్దరూ వెనక ఎక్కి తలుపు వేసుకున్నారు. మాకు పలకరింపు అయిపోయింది. అక్కడి నుంచి ఇద్దరూ తమిళంలో గుసగుసలు, మధ్య మధ్య పగలబడి నవ్వులు. ఒకే ఫోనులోకి రెండు తలలు వంచి చూసుకుంటున్నారు. చల్లగా ఉందా అని నేను అడిగాను. ఆకలేస్తోందా అని అక్క అడిగింది. రెండింటికీ కలిపి, ఊఁ, అని ఒక్కసారే జవాబు వచ్చింది.

తిరుమంగలం దాటాక అక్క నా వైపు వంగి మెల్లగా, "ఎవరే ఆ పిల్ల, దానితో మనది అంత నవ్వు నవ్వుతాది?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. ఇద్దరం ముందుకి చూస్తూ కూర్చున్నాం. నేను లారీని దాటించి వేగం పెంచాను.